పసుపు రంగు వాక్యాలు

నవంబరు నెల, ఒక మంగళవారం, మధ్యాహ్నం రెండున్నర గంటలు. కాలేజీవాళ్ళు రమ్మన్న వేళ అది. మా బేస్‌మెంటులో అద్దెకుండే పిల్లను కోర్సులో ఉంచాలా తీసేయాలా అన్నది ఆ గదిలో తేలుస్తామన్నారు. తీసేస్తే ఈ దేశంలో ఉండి చదువుకోనిచ్చే స్టడీ పర్మిట్ నిలవదు. పర్మిట్ నిలవకపోతే ఇంటికి పోవడమే. ఇందులో మెలిక ఏమీ లేదు. తోడుగా ఒక్కరిని తెచ్చుకోవచ్చు అన్నారు. ఆ ఒక్కరూ నేనే.

నన్నే ఎందుకు తీసుకెళ్ళిందంటే, ఆ వేళకు పనీపాటా లేని పెద్దమనిషిని ఇంట్లో నేనొక్కదాన్నే. మా అమ్మాయీ అల్లుడూ ఆఫీసుల్లో ఉన్నారు. ఇంగ్లీషు దంచగలిగిన తోడు కావలసిన చోటికి, ఇంగ్లీషులో పేరూ అడ్రసూ మాత్రమే రాయగల ముసలిదాన్ని వెంటబెట్టుకుని పోయింది. నిజామాబాద్ వైపు బీడీలు చుట్టి బతికిన దాన్ని నేను. తెలుగు అక్షరాలు నలభై దాటాక వయోజన విద్యా కేంద్రంలో నేర్చుకున్నాను. ఇంగ్లీషు అక్షరాలు మా అమ్మాయి దగ్గరికి ఈ దేశం, స్కార్‌బరో వచ్చాక, ముసలివాళ్ళ కోసం పెట్టే క్లాసులో. మాట్లాడటం ఇప్పటికీ రాదు గాని, వింటే చాలావరకు తెలుస్తుంది. చదువంటే నాకు మర్యాద ఉంది, భయం లేదు. ఆలస్యంగా వచ్చిన చుట్టానికి ఎంత మర్యాద చేస్తామో అంత.

ఆ పిల్లది వరంగల్. సప్లై చెయిన్ అనే కోర్సుకు వచ్చింది. సరుకు ఎక్కడ దాచాలి, ఎట్లా పంపాలి అనే చదువు. వారమంతా ఆ చదువు చదివేది, శని ఆదివారాలు ఒక వేర్‌హౌస్‌లో డబ్బాలు కట్టేది. ఆ రోజుల్లో మా బస్సు ఎక్కితే సగం మంది ఇట్లాంటి పిల్లలే. ఒడిలో బ్యాగు, చెవుల్లో తీగలు, కళ్ళు మూతలు. దిగే చోటు వస్తే ఒకరినొకరు మోచేత్తో పొడిచి లేపుకునేవాళ్ళు. కాలేజీ అంటే గేటూ మైదానమూ ఉంటాయనుకున్నాను నేను. దాని కాలేజీ ఒక ఆఫీసు భవనంలో మూడో అంతస్తు. కింద పళ్ళ డాక్టరు, పక్కన పరుపుల దుకాణం. వస్తున్న పిల్లలందరికీ స్థలం చాలక ఆ అంతస్తు అద్దెకు తీసుకున్నారట.

సెప్టెంబరులో ఒక ఆదివారం ఆ పిల్లకు షిఫ్టు లేదు. సర్వపిండి చేస్తున్నానని పైకి పిలిచాను. మా మనవరాలు డైనింగ్ టేబుల్ మీద ల్యాప్‌టాప్ పెట్టుకుని, జుట్టు పీక్కుంటూ ఎస్సే రాస్తోంది. అది అప్పుడు పన్నెండో గ్రేడు.

"అక్కా, యూ ఆర్ సో లక్కీ. మీకు ఎస్సేలు ఉండవు. గ్రేడ్ ట్వెల్వ్ ఇంగ్లీష్ నన్ను చంపేస్తోంది" అంది.

"నీ ఎస్సే ఎంతనే, మూడు పేజీలు. మా ఇంటర్ చూస్తే నువ్వు బతుకవు. పొద్దుగాల ఐదింటికి లేపి కూసోబెడుతుండె. కిటికీలకు జాలీలు. ఆదివారం టెస్టు, సోమారం పొద్దుగాల ర్యాంకులు గోడకు అతికిస్తుండె."

"లైక్ ప్రిజన్?"

"జైలే నయం. ఆడ ములాఖత్ అన్న ఉంటది. మా అమ్మ సకినాలు పట్టుకొనొస్తే గేటుకాడనే తీస్కొని పంపిచ్చిన్రు."

మనవరాలు నవ్వింది. నేను పెనం దించి అడిగాను. "మరి ఈడి కాలేజీ ఎట్లున్నదే?"

"ఇదా? మా ఏడో తరగతంత గూడ లేదమ్మమ్మా. బుక్కు నిండ బొమ్మలు. ఒక్క చాప్టరు బస్సుల పోయొచ్చేసరికి వచ్చేస్తది."

"వచ్చేస్తది అంటే?" అంది మనవరాలు.

"వచ్చేస్తదంటే... మొత్తం. నోటికి."

"బట్ వై? బుక్ నీ దగ్గరే ఉంది కదా?"

పిల్ల మనవరాలి మొహం చూసింది. మనవరాలు పిల్ల మొహం చూసింది. ఇద్దరికీ ఎదుటిది పిచ్చిదనిపించినట్టుంది. నేను సర్వపిండి ముక్కలు చేసి ఇద్దరి ముందూ పెట్టాను. ఆ మాట అక్కడితో పోయింది. మా అమ్మాయి వచ్చి, "ఏది కష్టమో తేలిందా?" అంటే, "స్కూలు" అని మనవరాలూ, "ఇంటరు" అని పిల్లా ఒకేసారి అన్నారు. కాలేజీ కష్టమని ఎవరూ అనలేదు.

కొద్దిరోజులకు క్లాసులో ఒక పని ఇచ్చారు. పుస్తకం మూసేసి, వేర్‌హౌస్ ఎందుకు, ఎలా నడుస్తుంది అన్నది ఒక పేజీలో మీ మాటల్లో కంప్యూటరు మీద రాయమన్నారు. పిల్ల పుస్తకంలో ఉన్న పేజీ దించేసింది. చూసి కాదు. పుస్తకం బ్యాగులో ఉంది, బ్యాగు గోడవారగా ఉంది. మధ్యలో నాలుగు లైన్లు గుర్తు రాక సొంతంగా ఏదో అల్లి పూడ్చింది.

ఆ పేజీ పిల్ల ఫోనుకు తిరిగి వచ్చింది. సున్నా మార్కులు. పేజీలో ఎక్కువ లైన్లకు పసుపు రంగు వేసి ఉంది. ఆ అల్లిన నాలుగు లైన్లకు మాత్రం రంగు లేదు. కింద సారు రెండు ముక్కలు రాశాడు, మళ్ళీ ఇలా జరగకూడదు, నిబంధనలు చదువుకో అని.

ఆ పిల్లకు అర్థమైంది ఇది. రంగు పడినవి పుస్తకంతో కలిసినవి, అంటే ఒప్పులు. రంగు పడనివి తప్పులు. ఇంటర్ చదివిన హాస్టల్లో కూడా ముఖ్యమైన పాయింటు రాశామా లేదా అనే చూసేవాళ్ళు, పాయింటు పోతే జవాబంతా కొట్టేసే లెక్చరరు ఒకాయన ఉండేవాడట. ఈ సారు కూడా అట్లాంటి కఠినమైన మనిషే కాబోలు అనుకుంది. వెంటనే జవాబు పంపింది. సారీ సర్, ఐ విల్ ఇంప్రూవ్.

ఇంప్రూవ్ చేసుకుంది కూడా. పక్షం తర్వాత ఇంకో పేజీ రాయమంటే, ఈసారి కామాతో సహా దించింది.

ఆ సాయంత్రం ఫోను పట్టుకుని మెట్లెక్కి పైకి వచ్చింది. మనవరాలు ఉల్లిపాయలు కోస్తోంది.

"జర చూడవే. ఈసారి మొత్తం పసుపే వచ్చింది. ఒక్క లైను గూడ ఇడిసిపెట్టలే. మల్ల సున్నా ఏసిండు. పైనుంచి ఏదో మీటింగుకు రమ్మంటున్రు."

మనవరాలు చెయ్యి తుడుచుకుని ఫోను తీసుకుంది. చదివింది. దాని మొహంలో నవ్వు పోవడం నేను చూశాను.

"అక్కా... ఎల్లో అంటే రైట్ కాదు. ఎల్లో అంటే కాపీ."

"నేను కాపీ కొట్టలే! బుక్కు బ్యాగులనే ఉండె!"

"నో, నో. వేరేవాళ్ళ సెంటెన్స్ నువ్వు రాస్తే, వాళ్ళ నేమ్ పెట్టాలి. లేకపోతే దొంగతనం కింద లెక్క. గ్రేడ్ సిక్స్ నుంచి మాకు చెప్తారు."

"ఆరో తరగతి నుంచా?"

"రోజూ!"

పిల్ల కుర్చీలో కూలబడింది. పన్నెండేళ్ళ చదువులో, ఆ తర్వాత డిగ్రీలో, ఆ మాట ఎవరూ దానికి చెప్పలేదు. చెప్పకపోగా, దానికి వ్యతిరేకం చెప్పారు. ఒక్క మాట పోతే ఒక్క మార్కు పోతుందని.

నాకూ అట్లాగే చెప్పారు మరి. వయోజన విద్యా కేంద్రంలో మా పంతులు బోర్డు మీద రాసి, చూసి రాయండమ్మా అనేవాడు. ఎవరి పలక మీది రాత బోర్డు మీది రాతను పోలి ఉంటే వాళ్ళకు మెచ్చుకోలు. అంతకుముందు అక్షరమే రాని కాలంలో బతుకమ్మ చుట్టూ తిరుగుతూ ఎన్ని పాటలు పాడాను. ఎవరు కట్టారో ఎవరికీ తెలియదు. తప్పు పోకుండా చివరిదాకా పాడినదే గట్టిది. మధ్యలో సొంత మాట కలిపితే వెనకనుంచి చప్పట్లు ఆగిపోయేవి. ఇక్కడి ముసలివాళ్ళ క్లాసులో టీచరమ్మ, వీకెండ్ ఏం చేశావో రాయి అంటుంది. మొదట్లో పక్కావిడ కాగితం చూసి రాశాను. ఆమె చర్చికి వెళ్ళింది, నేనూ చర్చికి వెళ్ళానని రాశాను. టీచరమ్మ నవ్వి వదిలేసింది. ముసలిదాన్ని కాబట్టి నవ్వు. ఫీజు కట్టిన పిల్లకు విచారణ.

మీటింగుకు ముందు ఆదివారం మనవరాలు దాన్ని కూర్చోబెట్టి శిక్షణ ఇచ్చింది.

"జస్ట్ సే సారీ. కాపీ చేశాను, స్ట్రెస్‌లో ఉన్నాను, నెవర్ అగైన్. ఓన్ ఇట్. దే లైక్ దట్. మా స్కూల్లో ఒకడు అలాగే చెప్పాడు, మళ్ళీ రాసే ఛాన్స్ ఇచ్చారు."

"చేయని దొంగతనం ఒప్పుకోవాల్నా?"

"ఒప్పుకుంటే చిన్న పనిష్మెంట్ అక్కా."

"నేను చదివిన. కూసోని చదివిన. వేర్‌హౌస్‌ల బ్రేకుల గూడ చదివిన. గదెట్ల దొంగతనమయితది?" నా వైపు తిరిగింది. "నువ్వు చెప్పమ్మమ్మా."

"దొంగవు కాకపోతే దొంగనని చెప్పకు" అన్నాను. ఇప్పుడడిగినా అదే చెప్తాను. మనవరాలు కళ్ళు పైకి తిప్పి, "యూ బోత్ ఆర్ ఇంపాసిబుల్" అని లేచిపోయింది. అయినా మంగళవారం చివరి పీరియడు ఎగ్గొట్టి మాతో వచ్చింది. లోపలికి ఒక్కరినే రానిస్తారు గనుక కారిడార్‌లో కూర్చుంది. తోవ పొడుగునా దాని మాట ఒకటే. "అక్కా, సారీ. ఫస్ట్ వర్డ్ సారీ."

గదిలో బల్లకు అటువైపు ముగ్గురు. మధ్యన మెడకు ఉన్ని గుడ్డ చుట్టుకున్న పెద్దావిడ, నిర్ణయం ఆమెది. ఒక పక్కన సారు. నేను రాక్షసుణ్ని ఊహించుకున్నాను. చూస్తే చొక్కా నలిగిన, నిద్ర చాలని మనిషి. మూడు కాలేజీల్లో చెప్తాడట, ఆ వేళకు ఇంకో చోటికి పోవలసి ఉండి గడియారం చూసుకుంటున్నాడు. ఇంకో పక్కన విదేశీ పిల్లల ఆఫీసు నుంచి వచ్చిన అమ్మాయి, మన దేశపు మనిషే, పంజాబీ అనుకుంటాను. మొదట ఒకసారి నాకు నమస్తే పెట్టింది. ఆ తర్వాత మళ్ళీ తలెత్తలేదు.

పెద్దావిడ గొంతు మెత్తగానే ఉంది. ఏం జరిగిందో నీ మాటల్లో చెప్పమంది.

"మేడమ్, నేను కాపీ చేయలేదు" అంది పిల్ల ఇంగ్లీషులో. "నేర్చుకున్నాను. కావాలంటే ఇప్పుడు చెప్తాను."

ఆవిడ సారు వైపు చూసింది. సారు సంచిలోంచి పుస్తకం తీసి పెద్దావిడ ముందు తెరిచాడు. పిల్ల లేచి నిలబడింది. ఎవరూ లేవమనలేదు. చేతులు కట్టుకుంది. చూపు గోడ మీద పెట్టి మొదలుపెట్టింది.

అంత ఇంగ్లీషు నాకు అర్థం కాలేదు. కాని తప్పు పోవడం లేదని మాత్రం తెలుస్తూనే ఉంది, పెద్దావిడ వేలు లైను వెంట లైను ఆగకుండా జరుగుతోంది. పేజీ తిప్పింది. నా వెన్ను దానంతటదే నిటారైంది. గెలిచిందనుకున్నాను.

"చాలమ్మా" అంది ఆవిడ. "ఆపు. నమ్ముతున్నాను. నువ్వు పుస్తకం చూసి రాయలేదు."

"థాంక్యూ మేడమ్."

"అయితే, రాస్తున్నప్పుడే నీకు తెలుసు, ప్రతి వాక్యమూ ఈ పుస్తకానిదేనని?"

"యెస్ మేడమ్. ప్రతి వాక్యమూ."

గర్వంగా చెప్పింది. ఆవిడ ఏదో రాసుకుంది.

"మొదటిసారి హెచ్చరిక వచ్చాక కూడా?"

"మొదటిసారి కొన్ని లైన్లు తప్పు పోయాయి మేడమ్. రెండోసారి తప్పు లేదు."

సారు కళ్ళు మూసుకున్నాడు. అప్పుడు నాకు తెలిసింది, గెలవడం లేదని. పిల్లకు ఇంకా తెలియలేదు.

పెద్దావిడ కలం పక్కన పెట్టింది. ఆమె చెడ్డ మనిషి కాదు, అది రాయాలి. "నువ్వు వేర్‌హౌస్‌లో పని చేస్తావని ఇక్కడ ఉంది. పుస్తకం వదిలేయ్. వేర్‌హౌస్ అంటే ఏమిటో నువ్వు చూసింది నాకు చెప్పు. ఎలా చెప్పినా ఫరవాలేదు."

మునిగిపోతున్నదానికి తాడు విసిరింది ఆవిడ. పిల్ల నోరు తెరిచింది. పుస్తకంలోని మొదటి వాక్యం వచ్చింది. నాకే గుర్తుంది ఆ వాక్యం, ఇందాకే విన్నాను. ఆగింది. పెదవి తడుపుకుంది. మళ్ళీ అదే వాక్యం. మళ్ళీ ఆగింది. ఆ తర్వాత ఏమీ రాలేదు.

నా వంటింట్లో ఎన్ని చెప్పేది. ట్రక్కు తలుపు పైకి లేస్తే చలి కత్తిలా వచ్చి టేపు అతుక్కోదని. స్కానింగ్ మిషను పట్టినవాడు డబ్బా ఎత్తేవాడికి దొర అని. బరువు డబ్బా కంటే తేలిక డబ్బాయే నడుము విరుస్తుంది, ఏమీ లేదనుకుని విసురుగా ఎత్తుతాం గనుక అని. సూపర్‌వైజరు నడక నడిచి చూపించి మమ్మల్ని నవ్వించేది. అదంతా కడుపులో ఉంది. కాని దాన్ని జవాబుగా ఎవరూ ఎప్పుడూ అడగలేదు. అడిగిన ఒక్కసారీ ఆ గదిలో అడిగారు.

నేను దాని కొంగు లాగినట్టు కోటు లాగి, "తెలుగుల చెప్పు" అన్నాను.

ఏమంటోంది ఆమె అని అడిగింది పెద్దావిడ.

"తెలుగులో చెప్పమంటోంది మేడమ్."

"దానికి మార్కులు వేయగలిగితే బాగుండేది" అంది ఆవిడ. వెటకారం కాదు. విచారంగానే అంది. ఒరిగిందేమీ లేదు.

కాసేపు బయట ఉండమన్నారు. కారిడార్‌లో మనవరాలు ఎగిరి లేచింది.

"సారీ చెప్పావా?"

"చెప్పలే. మొత్తం అప్పజెప్పిన."

"అప్పజెప్పడం అంటే?"

నేనే చెప్పాను. "పాఠం చూడకుండ పంతులుకు వినిపియ్యడం."

"వాళ్ళు అడిగారా?"

"అడగలే."

మనవరాలు పిల్ల చెయ్యి పట్టుకుని కూర్చుంది. ఆ చేతికి టేపు అంచు కోసిన గీతలున్నాయి.

మళ్ళీ పిలిచినప్పుడు కూర్చునేంతసేపు కూడా పట్టలేదు. కోర్సు నుంచి తీసేస్తున్నాం, ఏడాది తర్వాత మళ్ళీ అప్లై చేసుకోవచ్చు, ఈమెయిల్ వస్తుంది. ఏడాది తర్వాత మళ్ళీ వచ్చేదెవరు, రప్పించేదెవరు. పంజాబీ అమ్మాయి పర్మిట్ గురించి ఏవో రెండు మాటలు బల్లను చూస్తూ చెప్పింది.

పిల్ల ఏడుస్తుందనుకున్నాను. ఏడవలేదు. తలుపు దాకా వచ్చి వెనక్కి తిరిగింది.

"మేడమ్, ఒక్క మాటన్న తప్పు పోయిందా?"

తెలుగులో అడిగింది. తను తెలుగులో అడుగుతున్నట్టు దానికి తెలియలేదు. మళ్ళీ ఇంగ్లీషులో అడిగింది. పెద్దావిడ పుస్తకం మూసి, దాని మీద చెయ్యి పెట్టుకుని, లేదమ్మా, ఒక్కటి కూడా పోలేదు అంది.

బయట వానా మంచూ కలిసి పడుతోంది. బస్సులో ముగ్గురం ఒకే వరుసలో కూర్చున్నాం. ముందు సీట్లలో ఇట్లాంటి పిల్లలే, ఒడిలో బ్యాగులు. ఒకమ్మాయి పెదవులు కదులుతున్నాయి. పాటో, పాఠమో. మా పిల్ల ఆమెనే చూస్తూ కూర్చుంది. లేచి ఏదైనా చెప్తుందేమో అనుకున్నాను. చెప్పలేదు. మా స్టాపు వచ్చింది, దిగాం.

క్రిస్మస్ సెలవులకు ముందే వెళ్ళిపోయింది. వాళ్ళమ్మకు ఏం చెప్పాలో ఎయిర్‌పోర్టు దాకా కారులో అనుకుంటూనే ఉంది, ఒకసారి ఒకలాగా, ఇంకోసారి ఇంకోలాగా. అదొక్కటి ఎవరూ రాసి పెట్టలేదు దానికి. మా మనవరాలు ఆ ఎస్సే ముగించింది, మంచి మార్కులొచ్చాయి. ఇప్పుడు యూనివర్సిటీలో ఉంది. స్కూలు కంటే ఇదే సులువు అంటుంది.

బేస్‌మెంటులోకి ఇంకో ఇద్దరు పిల్లలు వచ్చారు. వచ్చిన రోజే పైకి పిలిచి సర్వపిండి పెట్టి, పసుపు రంగు అంటే ఏమిటో చెప్పాను. "మాకు దెలుసు ఆంటీ" అన్నారు. తెలుసేమో. తెలిసినవాళ్ళు ఆ రోజు ఎక్కడున్నారో మరి.

ఆ రోజు అక్కడ ఉన్నది వీళ్ళు. మెడకు ఉన్ని గుడ్డ చుట్టుకున్న పెద్దావిడ. మూడు కాలేజీల సారు. తలెత్తని పంజాబీ అమ్మాయి. కారిడార్‌లో నా మనవరాలు. దొంగవు కాకపోతే దొంగనని చెప్పకు అన్న నేను. చేతులు కట్టుకుని నిలబడ్డ వరంగల్ పిల్ల. ఆ పుస్తకం రాసినవాళ్ళ పేర్లు అట్ట మీద ఉన్నాయి గాని, వాళ్ళు రాలేదు. వాళ్ళనెవరూ పిలవలేదు.